పేరు తెలియని కథకునికి పాఠకుల నివాళి

దాసరి సుబ్రహ్మణ్యం 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. మరునాడు ఆ వార్త చదివిన వారిలో చాలామందికి ఆ పేరు కొత్త. ఆయన ఏయే ధారావాహికలు వ్రాశారో దాని కిందనే చదివినప్పుడు మాత్రం గుండె కలుక్కుమన్నది. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఇవన్నీ ఒక్క మనిషి వ్రాసినవా అన్న ఆశ్చర్యమూ, ఆ మనిషి ఇక లేడన్న దుఃఖమూ ఒకే క్షణంలో కలిగాయి. ఒక రచయిత పేరు తెలియటమూ, ఆయన మరణం తెలియటమూ ఒకే వార్తలో జరగటం సాహిత్య చరిత్రలో అరుదు. తెలుగునాట లక్షలాది పాఠకుల విషయంలో అదే జరిగింది.

రచయిత మరణిస్తే పాఠకులు దుఃఖించటం లోకసహజం. ఆంగ్లంలో అద్భుతగాథలకు ఈ కాలపు పితామహుడనదగిన టోల్కీన్ 1973లో మరణించినప్పుడు ఆయన అభిమానులు ఎవరి కోసం విలపించాలో వారికి తెలుసు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆయన సమాధి మీద ఆయన పేరుతోపాటు ఆయన సృష్టించిన పాత్ర పేరు కూడా చెక్కి ఉన్నది. ఆయన మహాగ్రంథపు తొలి సంపుటం వెలువడిన 1954లోనే మద్రాసులోని వడపళనిలో ఒక తెలుగు యువకుడు తన మొదటి అద్భుత ధారావాహికను ఆరంభించాడు. ఆ యువకుని పేరు మాత్రం కథ మీద ముద్రితం కాలేదు.

తెనాలి నుంచి మద్రాసుకు

సుబ్రహ్మణ్యం 1932 అక్టోబరులో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో జన్మించారు. ఆ కాలపు తెనాలి రచయితలకూ, నటులకూ, పత్రికలకూ, ముద్రణాలయాలకూ పెట్టింది పేరు. చందమామ సంస్థాపకులలో ఒకరైన చక్రపాణిది తెనాలి పక్కనున్న ఐతానగరం. ఆ పత్రికకు చిరకాలం సాహిత్యప్రాణంగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కడప జిల్లా పొట్టిపాడు నుంచి వచ్చిన బి.నాగిరెడ్డి, తెనాలి నుంచి వచ్చిన చక్రపాణి కలిసి 1947 జూలైలో చందమామను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. దేశానికి స్వాతంత్ర్యం రావటానికి ఇంకా నెల రోజులున్నది.

సుబ్రహ్మణ్యం 1952లో చందమామ సంపాదకవర్గంలో చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు. కుటుంబరావు పత్రికలోకి వచ్చినదీ ఆ సంవత్సరమే. ఒకరు అప్పటికే పేరుమోసిన కథకులు, నవలాకారులు, విమర్శకులు. మరొకరు ఇంకా మీసకట్టు సరిగా రాని యువకుడు. కార్యాలయం ఒకటే, చేసే పనీ ఒకటే. పిల్లలకు అర్థమయ్యే తెలుగులో, పెద్దలకు విసుగు పుట్టని తెలుగులో కథ చెప్పటం ఆ పని.

ఆ ఆవరణలో అద్భుతానికి కొరత లేదు. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థ 1951లో పాతాళభైరవి చిత్రాన్ని విడుదల చేసింది. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు తెలుగువారి కలలలోకి ప్రవేశించాడు. మాంత్రికుడు, గుహ, బలి, నిధి, సాహసించే సామాన్య యువకుడు అన్న దినుసులతో ఎంత గొప్ప వినోదం వండవచ్చునో ఆ చిత్రం నిరూపించింది. అయితే సినిమా మూడు గంటలలో ముగిసిపోతుంది. నెలకు కొన్ని పుటల చొప్పున రెండు మూడేళ్లపాటు పాఠకుని ఊపిరి బిగబట్టి ఉంచటం వేరే విద్య. ఆ విద్యలో సుబ్రహ్మణ్యం సాటిలేని వారని త్వరలోనే తేలిపోయింది.

తోకచుక్క ఉదయించిన వేళ

1954లో తోకచుక్క ధారావాహిక మొదలైంది. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు నౌకాయాత్రకు బయలుదేరి, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల వైరంలో చిక్కుకొనటం అందులోని కథ. ఒక్క కన్ను మాంత్రికుడు, నాలుగు కన్నుల మాంత్రికుడు ఒకరినొకరు వెంటాడుతుంటే నడుమ చిక్కిన మనుషులు తమ తెలివితోనూ, ధైర్యంతోనూ బ్రతికి బయటపడాలి. సుబ్రహ్మణ్యం కథాప్రపంచపు మూలసూత్రం ఈ మొదటి రచనలోనే కనిపిస్తుంది. మహత్తు మాంత్రికుని దగ్గర ఉంటుంది. విజయం మనిషి దగ్గర ఉంటుంది.

మరుసటి ఏడాది మకరదేవత వచ్చింది. ఆ తరువాత ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం వరుసగా వెలువడ్డాయి. ముగ్గురు మాంత్రికులలో అరేబియన్ కథల ఛాయలు ఉన్నా, ఆ కథలోని పింగళుడు మన ఏటి ఒడ్డున చేపలు పట్టుకునే మనిషిలాగానే కనిపిస్తాడు. పరదేశపు కథను తెచ్చినా దానికి మన ఊరి మట్టి అంటేటట్టు చేయటం ఆయన నేర్పు. పాత్రల పేర్లు, అడవుల వర్ణన, రాజుల కొలువులు, భటుల భయాలు అన్నీ ఇక్కడివే.

1961లో మొదలైన రాకాసిలోయ ఆయన కీర్తికి శిఖరమని ఎందరో పాఠకులు భావిస్తారు. కేశవుడు, జయమల్లు, అడవిజాతికి చెందిన గోమాంగ్ అందులోని మిత్రత్రయం. బ్రహ్మదండి మాంత్రికుడు వారిని వదలని పీడ. రాజభటుల చేతి నుంచి తప్పించుకుంటే మాంత్రికుడు, మాంత్రికుని నుంచి తప్పించుకుంటే అరణ్యంలోని వింతజాతులు, వారి నుంచి తప్పించుకుంటే రాక్షసాకారాలు. ఒక్కొక్క భాగం ఒక ప్రమాదపు అంచున ఆగిపోయేది. తరువాతి నెల సంచికలో మొదట జరిగిన కథను నాలుగు వాక్యాలలో గుర్తుచేసి, ఆగిన చోటునుంచే కథను కదిలించేవారు. నడుమ ఒక సంచిక దొరకని పిల్లవాడు కూడా దారి తప్పకుండా ఆ నాలుగు వాక్యాలు చేయి పట్టుకుని నడిపించేవి.

పన్నెండు గాథలు

1966లో పాతాళదుర్గం, 1968లో శిథిలాలయం, 1970లో రాతిరథం, 1972లో యక్షపర్వతం, 1976లో మాయాసరోవరం, 1978లో భల్లూక మాంత్రికుడు వచ్చాయి. మొత్తం పన్నెండు ధారావాహికలు. పాతికేళ్ల కాలంలో ఒక తరం పిల్లలు పెద్దవారై, వారి పిల్లలు అవే పుటల కోసం ఎదురుచూసే వరకు ఆ పరంపర సాగింది.

ఈ కథలలో తరచు ఇద్దరు యువకులు జంటగా కనిపిస్తారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. రాతిరథంలోనూ యక్షపర్వతంలోనూ ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకరిది కత్తి బలం, మరొకరిది ఉపాయబలమో మంత్రబలమో. ఒకరు తొందరపడితే మరొకరు ఆపుతారు. ఒకరు సందేహిస్తే మరొకరు ముందుకు లాగుతారు. ఖడ్గజీవదత్తులు అని ఇద్దరినీ ఒకే మాటగా పిలుచుకున్న పాఠకులు ఆ స్నేహాన్నే ఆదర్శంగా తీసుకున్నారు. చేతిలో శూలంతో ఆర్భాటం చేసే సిద్ధసాధకుడు భయానకమైన ఘట్టంలో కూడా నవ్వు పుట్టించగలడు. భయాన్నీ హాస్యాన్నీ ఒకే పుటలో ఇముడ్చటం సుబ్రహ్మణ్యానికి వెన్నతో పెట్టిన విద్య.

ఇంకొక విశేషం గమనించదగినది. ఈ కథలలో కష్టకాలంలో దేవతలు ప్రత్యక్షమై వరాలిచ్చి గట్టెక్కించటం సాధారణంగా ఉండదు. మాంత్రికులు ఉన్నారు, వారి మంత్రదండాలు ఉన్నాయి, వింతజంతువుల మీద స్వారీ చేసే వీరులు ఉన్నారు. అయితే చిక్కుముడి విప్పేది మాత్రం మనిషి బుద్ధి, స్నేహితుని సాయం, సమయస్ఫూర్తి. మాంత్రికునికి భయపడరాదనీ, వాని బలహీనత ఎక్కడున్నదో వెదకాలనీ ఆ కథలు నేర్పాయి. నీతిని విడిగా బోధించకుండానే చిన్న మనసులలో ధైర్యం నాటాయి.

రాజులను కూడా ఆయన ఆకాశానికెత్తలేదు. ఆయన కథలలో పిరికి రాజులున్నారు, పేరాశ రాజులున్నారు, మంత్రుల మాటలకు ఊగిసలాడే రాజులున్నారు. కోయ, సవర వంటి అడవిజాతులవారు కథానాయకులకు సమఉజ్జీలుగా నిలుస్తారు. నగరం వంచిస్తే అడవి ఆశ్రయమిచ్చే సందర్భాలు అనేకం. పిల్లల పత్రికలో ఇటువంటి చూపు ఉండటం ఆ రోజులలో చిన్న సంగతి కాదు.

ఆయన భాష గురించి కూడా చెప్పుకోవాలి. ఆయన వాక్యం పొట్టిది. క్రియ ముందుకు పరుగెత్తుతుంది. వర్ణన అవసరమైనంత వరకే ఉంటుంది. సంభాషణలో గౌరవం, వెటకారం, బెదిరింపు, బ్రతిమాలటం ఏదైనా ఇట్టే తెలిసిపోతుంది. సంస్కృత సమాసాలతో పాత్రలకు పేర్లు పెట్టి, కథను మాత్రం ఇంటి తెలుగులో చెప్పటం వలన వింతలోకం దూరంగానూ, కథకుని గొంతు దగ్గరగానూ ఉండేవి.

చిత్రా కుంచె

సుబ్రహ్మణ్యం కథల గురించి తలచుకునే వారెవరికైనా వెంటనే కనులముందు కదిలేవి చిత్రా బొమ్మలు. చిత్రా అసలు పేరు టి.వి.రాఘవన్. తమిళుడు. తెలుగు రచయిత ఊహలో పుట్టిన వింతప్రాణులకు తమిళ చిత్రకారుడు ఆకారమిచ్చాడు. బిగిసిన కండరాలు, పొడుగాటి కత్తులు, కోరలు తెరచిన మృగాలు, జటలు విరబోసుకున్న మాంత్రికులు, కొండచరియల మీద వేలాడే మనుషులు ఆయన గీతలలో ప్రాణం పోసుకున్నారు. ధారావాహిక చదవటానికి ముందే పిల్లలు బొమ్మలు చూసి, ఈ నెల ఏమి జరుగుతుందో ఊహించుకునేవారు. ఇంకా చదువు రాని చిన్నవారికి ఆ బొమ్మలే కథ.

చిత్రా 1978లో మరణించారు. అంతకు మూడేళ్ల ముందు 1975లో చక్రపాణి వెళ్లిపోయారు. 1980 ఆగస్టులో కుటుంబరావు కన్నుమూశారు. చందమామకు రూపురేఖలు దిద్దిన పెద్దలు ఒకరి వెంట ఒకరు తరలిపోగా సుబ్రహ్మణ్యం మిగిలారు. భల్లూక మాంత్రికుడు తరువాత ఆయన కలం నుంచి చందమామలో అంతటి ధారావాహిక మరి రాలేదు. అయినా ఆయన కొలువు విడిచిపెట్టలేదు. పేరు లేని పనిని పేరు లేకుండానే కొనసాగించారు.

రెండు భాషల చందమామ

సరిహద్దు జిల్లా పాఠకులకు ఈ కథలతో ప్రత్యేకమైన అనుబంధం ఉన్నది. చందమామ పుట్టిన 1947లో బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. పత్రిక అచ్చయ్యే నగరమే జిల్లాకు రాజధాని. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిన రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, కురుగోడు, శిరుగుప్పలతో సహా తక్కిన బళ్లారి ప్రాంతం మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ మరుసటి ఏడాదే తోకచుక్క ఉదయించింది. రాష్ట్రాల నడుమ గీత పడింది; కథ మాత్రం గీత దాటి వస్తూనే ఉన్నది.

కన్నడ చందమామ 1949లోనే మొదలైంది. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా అయిన ఆ పత్రిక కన్నడంలో మాత్రం తెలుగులో ఉన్న పేరుతోనే వెలువడింది. అందుచేత ఈ ప్రాంతపు పిల్లలకు చందమామ రెండు భాషలలోనూ చందమామే. తెలుగు ఇంటి పిల్లవాడు బడిలో కన్నడం చదివి, ఇంట తెలుగు మాట్లాడి, చందమామలో తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాడు. పక్క ఇంటి కన్నడ పిల్లవాడు అదే బొమ్మ, అదే మాంత్రికుడు, అదే ప్రమాదం కన్నడంలో చదివేవాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వచ్చే నెల ఏమవుతుందోనని వాదించుకోవటానికి భాష అడ్డు రాలేదు. ఆ కథ మొదట ఏ భాషలో వ్రాయబడిందన్న ప్రశ్న వారికి తట్టనే లేదు.

తుంగభద్ర జలాశయం పూర్తయి కాలువలకు నీరు వచ్చిన 1950వ దశకంలో గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు ఈ ఆయకట్టుకు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నాయి. సుబ్రహ్మణ్యం పుట్టిన నేల నుంచి వచ్చినవారూ వారిలో ఉన్నారు. తెలుగు బడి లేని చోట స్థిరపడిన కుటుంబాలకు తమ బిడ్డల తెలుగు నిలుపుకోవటం పెద్ద సమస్య. పెద్దబాలశిక్ష ఒక దారి. చందమామ మరొక దారి. శిక్షను పిల్లలు బలవంతం మీద చదివారు. చందమామను తమంతట తామే చదివారు. ఈ ప్రాంతంలో చాలామంది తెలుగు చదవటం బడిలో కాక ధారావాహికలలోనే నేర్చుకున్నారంటే అతిశయోక్తి లేదు.

కురుగోడు పరిసరాలు కూడా ఆ కథలకు తగినవే. పన్నెండవ శతాబ్దంలో సింద వంశపు రాజులు ఏలిన ఊరు ఇది. ఊరిని ఆనుకుని గుండ్లు పేర్చినట్టున్న కొండలు, వాటి మీద కోట గోడల ఆనవాళ్లు, దొడ్డబసవేశ్వరుని ఆలయంలో బ్రహ్మాండమైన ఏకశిలా నంది. కొంత దూరం వెళితే హంపీ శిథిలాలయాలు. సమీపంలోని దరోజి కొండలలో ఎలుగుబంట్లు. వాటి రక్షణ కోసం 1994లో అభయారణ్యం ఏర్పడింది. శిథిలాలయం చదివిన పిల్లవానికి ఇక్కడ శిథిలాలయం ఊహించుకోవలసిన పని లేదు. భల్లూక మాంత్రికుడు చదివిన వానికి భల్లూకం ఎరుగని జంతువు కాదు. మద్రాసులో కూర్చున్న రచయిత ఈ కొండలను తలచి వ్రాయకపోయి ఉండవచ్చు. చదివినవారు మాత్రం ఈ కొండలలోనే ఆ కథలను చూసుకున్నారు. మాపటివేళ గుండ్ల నడుమ చీకటి పడుతుంటే అక్కడ ఏ మాంత్రికుడో కాచుకుని ఉన్నాడనుకోవటం ఇక్కడి బాల్యంలో ఒక భాగం.

పేరెందుకు లేదు

చందమామలో కథ గొప్పది, కథకుడు కనిపించనక్కరలేదన్నది ఆనాటి పద్ధతి. కార్యాలయంలో ఉద్యోగులుగా ఉన్న రచయితలు వ్రాసినది పత్రిక పేరుమీదనే పోయేది. కుటుంబరావు అంతటి రచయిత సంపాదకత్వం వహించినా ఆయన పేరు సంపాదకునిగా ప్రకటితం కాలేదు. అవ్వలు చెప్పే కథకు కర్త పేరు ఉండనట్టే చందమామ కథకూ ఉండరాదన్న భావన దాని వెనుక ఉండి ఉండవచ్చు. ఆ పద్ధతి వలన పత్రికకు ఒకే గొంతు, ఒకే రుచి అబ్బాయన్నదీ నిజమే.

అయితే దానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు. పెద్దల పత్రికలలో ఒకటి రెండు నవలలు వ్రాసినవారికి సభలూ సన్మానాలూ జరుగుతున్న కాలంలో, దేశంలోని అనేక భాషలలోకి తర్జుమా అయిన పన్నెండు ధారావాహికల రచయిత బజారులో నడిచిపోతుంటే గుర్తుపట్టేవారు లేరు. పిల్లలు వ్రాసిన ఉత్తరాలు చందమామకు వచ్చేవి, సుబ్రహ్మణ్యానికి కాదు. ఖడ్గజీవదత్తులను ప్రేమించిన ఒక బళ్లారి పిల్లవాడో, ఒక బరంపురం పిల్లవాడో వారిని సృష్టించిన మనిషికి కృతజ్ఞత చెప్పాలనుకున్నా దారి లేదు. కవికి కీర్తి ఉత్తరకాలంలో వస్తుందని మన పెద్దలు అంటారు. ఈయనకు ఉత్తరకాలంలో రావటానికైనా ముందు పేరు తెలియాలి కదా.

మరి ఆయన ఎన్నడూ ఆ గోడ దాటి బయటకు రాలేదా అంటే, చందమామకు వెలుపల కూడా కొంత వ్రాశారు. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన మృత్యులోయ ఆయన రచనే. అయినా ఆయన జీవితకాలంలో అత్యధికభాగం వడపళని కార్యాలయపు బల్ల ముందరే గడిచిపోయింది. 1952లో చేరిన ఆయన 2006 వరకు, అంటే యాభై నాలుగు సంవత్సరాలు, ఒకే పత్రికలో పనిచేశారు. ఒక్క పత్రికకు ఇంతకాలం అంటిపెట్టుకున్న రచయితలు భారతీయ భాషలన్నిటిలోనూ వేళ్ల మీద లెక్కించదగినవారే ఉంటారు.

ఒడిదుడుకుల నడుమ

ఆ సుదీర్ఘకాలంలో చందమామ మంచిచెడులన్నీ ఆయన చూశారు. 1998లో పత్రిక ఆగిపోయింది. ఏడాదికి పైగా అంగళ్లలో చందమామ కనిపించలేదు. 1999 చివరలో కొత్త యాజమాన్యం కింద తిరిగి వెలువడింది. 2004లో నాగిరెడ్డి మరణించారు. 2007లో పత్రిక ముంబయికి చెందిన జియోడెసిక్ సంస్థ చేతికి వెళ్లింది. నడుమ సుబ్రహ్మణ్యం పాత ధారావాహికలు కొన్ని తిరిగి ప్రచురితమయ్యాయి. బాల్యంలో వాటిని చదివినవారు తమ బిడ్డల కోసమనే నెపంతో మళ్లీ కొనుక్కున్నారు.

ఈ కాలంలోనే పాత పాఠకులు ఒకరినొకరు వెదుక్కోవటం మొదలైంది. అటకల మీద కట్టలు కట్టి ఉంచిన సంచికలను దులిపి తీసినవారు, ధారావాహికల పుటలను మాత్రమే చింపి కుట్టించి దాచుకున్నవారు, పాత పుస్తకాల అంగళ్లలో విడి సంచికలకు వెల కట్టి కొన్నవారు బయటపడ్డారు. ఈ కథలు ఎవరు వ్రాశారని వారు విచారించటం ఆరంభించగా దాసరి సుబ్రహ్మణ్యం అన్న పేరు మెల్లమెల్లగా వెలుగులోకి వచ్చింది. అప్పటికి ఆయన డెబ్బయ్యవ పడి దాటిన వృద్ధులు. ఉద్యోగం విడిచి, విజయవాడ చేరి, ప్రశాంతంగా కాలం గడుపుతున్నారు. కొద్దిమంది అభిమానులకు మాత్రమే ఆయనను కళ్లారా చూసే అదృష్టం దక్కింది.

వెలుగు వచ్చిన వెంటనే దీపం ఆరింది. 2010 జనవరిలో ఆయన మరణించేనాటికి వయసు డెబ్బై ఏడు.

పాఠకుల దుఃఖం

ఆ దుఃఖం స్వభావం వేరు. ఆప్తుడు పోయినప్పటి శోకం ఒకటి; ఋణం తీర్చకుండానే ఋణదాత పోయినప్పటి బాధ మరొకటి. సుబ్రహ్మణ్యం కోసం పాఠకులు అనుభవించినది ఎక్కువగా ఈ రెండవదే. నలభైలలోనూ, యాభైలలోనూ ఉన్న పెద్దమనుషులు, ఉద్యోగులు, అధ్యాపకులు, వైద్యులు, రైతులు ఒక పిల్లల పత్రిక రచయిత కోసం కంటతడి పెట్టారు. ఆయన ముఖం వారెరుగరు. ఆయన గొంతు వినలేదు. అయినా తమ బాల్యపు అతి రహస్యమైన గదులలో తిరిగిన మనిషి ఆయనే. భయపెట్టినదీ, ధైర్యం చెప్పినదీ ఆయనే.

ఆ దుఃఖం ఉత్త నిట్టూర్పులతో ముగియలేదు. రచన మాసపత్రిక ఆయన స్మృతికి ప్రత్యేక సంచికను అంకితం చేసింది. ఆయన కథలు గ్రంథరూపం ధరించాయి. పాత సంచికలలో చెల్లాచెదురుగా ఉన్న ధారావాహికలను చిత్రా బొమ్మలతో సహా సేకరించి పుస్తకాలుగా అచ్చువేయటానికి అభిమానులూ ప్రచురణకర్తలూ పూనుకున్నారు. అరవై ఏళ్ల కింద పేరు లేకుండా వెలువడిన కథల అట్టమీద దాసరి సుబ్రహ్మణ్యం అన్న అక్షరాలు కనిపించాయి. అవి ఆయన చూసుకోలేదు. పాఠకులకు అందుబాటులో ఉన్న ప్రాయశ్చిత్తం మాత్రం అదొక్కటే.

ఆయన పోయిన కొన్నేళ్లకు చందమామ కూడా నిలిచిపోయింది. 2013 నాటికి పత్రిక అంగళ్లలో కనుమరుగైంది. అరవై ఆరేళ్ల చరిత్ర అలా ముగిసింది. అది రచయిత మరణం కన్నా పెద్ద నష్టమని కొందరు తలచారు. కానీ రెండు మరణాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. పత్రిక ఆగినా కథ ఆగలేదు. సంస్థ చేతులు మారినా కేశవుడూ జయమల్లూ చేతులు మారలేదు. పేరు లేకుండా బ్రతికిన మనిషి పేరు నిలిచింది. పేరే సర్వస్వమైన పత్రిక లేకుండా పోయింది.

మిగిలినది

సరిహద్దు జిల్లాలలో తెలుగు చదివే పిల్లల సంఖ్య తరతరానికీ తగ్గుతున్నదన్న ఆవేదన కొత్తది కాదు. అక్షరాలు నేర్పించటం ఎట్లాగన్న ప్రశ్నకు సభలలోనూ, వినతిపత్రాలలోనూ అనేక సమాధానాలు వినిపిస్తాయి. సుబ్రహ్మణ్యం జీవితం చూపే సమాధానం చాలా సరళమైనది. తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రుత పుట్టించే కథ ఒకటి ఉంటే చాలు, పిల్లలు అక్షరాలను తామే వెదుక్కుంటూ వస్తారు. ఒకప్పుడు నెలనెలా అటువంటి కథను అందించిన మనిషి ఒకరుండేవారు. ఆ పని ఆయన సన్మానం ఆశించక, సంతకం కూడా చేయక, పాతికేళ్లు చేశారు.

ఈనాడు ఆయన ధారావాహికలు పుస్తకాలుగా దొరుకుతున్నవి. తెలుగు కూడబలుక్కునే మనుమడి చేతిలో రాకాసిలోయ పెట్టే తాతలూ అవ్వలూ ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. తాము చదివిన రోజున తమకు తెలియని సంగతి ఒకటి వారు ఇప్పుడు ముందుగా చెప్పవచ్చు. కథ మొదలుపెట్టక మునుపు అట్టమీది పేరు చదివించి, ఈ కథ చెప్పినది ఈయన అని చెప్పవచ్చు. ఆ బాకీ తీర్చటానికి అంతకన్న పెద్ద సభ అక్కరలేదు.